బయటి ఎద్దుకు దోసెడు ఉలవలు

మా తాత చెరుకు గానుగ ఆడించే రోజుల్లో బయటి ఎద్దుకు ఒక దోసెడు ఉలవలు ఎక్కువ పెట్టేవాడు. రెండూ ఒకే కాడి కింద నడిచేవి, ఒకే వేళకు కట్టేవాళ్ళు, ఒకే వేళకు విప్పేవాళ్ళు, అయినా సాయంత్రం ఉడకబెట్టిన ఉలవలు తొట్లో వేసేటప్పుడు లోపలి తెల్లెద్దుకు మామూలు కొలత, బయటి మైలెద్దుకు ఆ కొలత మీద ఇంకో దోసెడు. నాకప్పుడు ఎనిమిదేళ్ళో తొమ్మిదేళ్ళో. తెల్లెద్దంటే నాకు ప్రాణం, పిలిస్తే చెవులాడించేది. దానికి అన్యాయం జరుగుతోందని కడుపు మండిపోయి ఒకరోజు అడిగేశాను. "అది బయట తిరగతా ఉండాది కదరా, ఎక్కువ నడస్తాది" అన్నాడు తాత. అంతే. ఆయన దగ్గర అంతకు మించి మాటలు ఉండేవి కావు.

నాకు నమ్మకం కుదరలేదు. పక్కపక్కనే నడుస్తున్నాయి, ఒకటే గానుగ చుట్టూ తిరుగుతున్నాయి, ఎక్కువేముంటుంది? హైస్కూల్లో 2πr నేర్చుకున్నాక కూడా చాలా కాలం ఆ సంగతి తట్టలేదు, ఎప్పుడో ఇంటర్‌లో నోట్సు వెనక పేజీలో పిచ్చిగీతలు గీస్తుంటే తట్టింది. రెండు ఎద్దుల మధ్య ఎడం ఒక మీటరు అనుకుంటే, చుట్టుకి 6.28 మీటర్లు బయటిదానికి ఎక్కువ. రోజుకు వెయ్యి చుట్లు వేసుకుంటే ఆరు కిలోమీటర్ల పైమాట! ఇంకో వింత ఏమిటంటే గానుగ చుట్టు చిన్నదైనా పెద్దదైనా ఆ తేడా మారదు. ఆ జతను కాడి విప్పకుండా భూగోళం చుట్టూ నడిపించినా బయటి ఎద్దుకు ఎక్కువయ్యేది అదే ఆరు మీటర్ల చిల్లర. మరి మధ్యాహ్నం రెంటినీ అటూ ఇటూ మార్చి కట్టొచ్చు కదా అని మీకు అనిపించొచ్చు, నాకూ అనిపించింది, కానీ ఎలపట అలవాటైన ఎద్దును దాపట కడితే అది నడవదు, మొరాయిస్తుంది. అందుకని తాత లెక్కను ఉలవలతో సరిచేశాడు.

ఆ ఊరు పాకాల దగ్గర. అమ్మ పుట్టిల్లు. మేముండేది తిరుపతిలో, సంక్రాంతి సెలవులకి పాకాల దాకా రైలు, అక్కడి నుంచి తాత పంపిన బండి. చుట్టుపక్కల చాలామంది అప్పటికే గానుగలకి ఆయిలింజన్లు పెట్టేశారు, మా తాత మాత్రం ఎద్దులు ఉన్నన్నాళ్ళు ఎద్దులే అనేవాడు. తెల్లారుజామున చలిలో దుప్పటి కప్పుకుని గానుగ దగ్గర కూర్చోవడం నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. మామ చెరుకు గడలు అందిస్తుంటే ఇనప రోళ్ళు కిర్రుకిర్రుమంటూ నమిలేవి, ఇటు నుంచి పచ్చటి నురుగు రసం కుండలోకి, అటు నుంచి పిప్పి. ఆ పిప్పినే ఆరబెట్టి పెనం కింద పొయ్యిలోకి తోసేవాళ్ళు, వేరే కట్టెలు కొనే పని లేదు, పొయ్యిలో బూడిద మళ్ళీ చెరుకు తోటకే. పాకం మరుగుతుంటే సున్నప్పు తేట కొంచెం వేసి మడ్డి తీసేవాళ్ళు. వంద కిలోల చెరుక్కి పదో పదకొండో కిలోల బెల్లం. ఆ బెల్లం చిత్తూరు మండీకి పోయేది, మా నోట్లోకి వచ్చేది మాత్రం అవ్వ అరిటాకు ముక్క మీద గరిటెతో వేసిన సాగే పాకం, ఊదుకుంటూ ఊదుకుంటూ తినేసరికి నాలుక కాలిపోయేది. కాలినా తినేవాళ్ళం.

ఒకరోజు సాయంత్రం ఎద్దుల్ని విప్పాక, అవి పొద్దున ఎక్కడ నిలబడ్డాయో సరిగ్గా అక్కడే నిలబడి ఉన్నాయని నాకు హఠాత్తుగా అనిపించింది. అవ్వతో అన్నాను, "అవ్వా, పొద్దున్నించి నడిచినాయి కదా, యాడికీ పోలేదే" అని. అవ్వ పిప్పి చిమ్ముతోంది, చీపురు ఆపకుండానే "యాడికి పోవాల? కుండలో చూడు" అంది.

అవ్వ అన్న మాటలన్నీ గుర్తున్నాయని చెప్పను, చాలావరకు మర్చిపోయాను. ఇది మాత్రం ఎందుకో దిగిపోయింది.

తిరుపతిలో వేరే సంగతి. అక్కడ ఏ నాలుగు రోడ్లు కలిసినా సర్కిలే. లీలామహల్ సర్కిల్, అన్నమయ్య సర్కిల్, నంది సర్కిల్, ఎవరికి అడ్రసు చెప్పినా ఏదో ఒక సర్కిల్ నుంచి మొదలుపెట్టాలి. కొండ మీద మాడ వీధులు నాలుగూ చతురస్రంగా ఉంటాయి, అయినా వాహనం వాటి వెంట తిరిగొస్తే దాన్ని ప్రదక్షిణం అనే అంటాం, గుండ్రంగా లేదని ఎవరూ పేచీ పెట్టరు. మొదలుపెట్టిన చోటికి తిరిగొస్తే చాలు మనకి.

ఇంటర్‌లో నన్ను బైపీసీలో వేశారు, ఇంట్లో ఒక డాక్టరు ఉండాలని నాయన కోరిక. చదువు సంగతి ఎలా ఉన్నా మా జువాలజీ సార్ క్లాసు మాత్రం మానేవాణ్ణి కాదు. రక్తప్రసరణ పాఠం రోజు ఆయన చాక్‌పీస్ పక్కన పెట్టి, భుజం మీది తువ్వాలు తీసి, "అందరికంటే సన్నంగా ఉండేవాడు రాండి" అన్నారు. క్లాసంతా నా వైపు తిరిగింది. మోచేతికి పైన తువ్వాలు బిగించి కట్టారు, పిడికిలి బిగించమన్నారు, కాసేపటికి ముంజేతి నరాలు ఉబ్బి, వాటి మీద అక్కడక్కడా చిన్న చిన్న ముడులు కనబడ్డాయి. ఒక ముడి కింద బొటనవేలితో అదిమిపట్టి, ఇంకో వేలితో రక్తాన్ని మోచేతి వైపు నిమిరారు. ఆ మధ్య ముక్క ఖాళీ అయిపోయింది! పైనుంచి రక్తం వెనక్కి రాలేదు. కింది వేలు తీయగానే సర్రున నిండింది. బెంచీలన్నీ ఖాళీ, అందరూ నా చెయ్యి చుట్టూ మూగారు. నరాల్లో ఆ ముడులు తలుపులు, ఒక్క వైపుకే తెరుచుకుంటాయి, రక్తం గుండె వైపుకే పోగలదు. ఈ చేతి ప్రయోగమే ఇంగ్లండు డాక్టరు విలియం హార్వే 1628లో వేసిన పుస్తకంలో బొమ్మలతో సహా ఉంది.

హార్వేకి ముందు రక్తం కాలేయంలో తయారై ఒంట్లో ఖర్చయిపోతుందని, రోజూ తిన్న తిండితో కొత్తది పుడుతుందని నమ్మేవాళ్ళు. హార్వే చేసింది పెద్ద మాయేం కాదు, కిరాణా కొట్టు లెక్క. గుండె ఒక్కసారి కొట్టుకుంటే ఇంత, అరగంటలో ఇన్ని సార్లు, మొత్తం కలిపితే ఒంట్లో ఉన్న రక్తం కంటే ఎక్కువ వస్తోంది, మరి అంత కొత్త రక్తం ఎవరు తయారుచేస్తారు, ఉన్నదే తిరిగి రావాలి కదా అని. సార్ ఆ లెక్క ఇప్పటి అంకెలతో బోర్డు మీద వేశారు. ఒక్కో కొట్టుకు సుమారు 70 మిల్లీలీటర్లు, నిమిషానికి 70 సార్లు, అంటే దాదాపు 5 లీటర్లు. ఒంట్లో ఉన్నదంతా కలిపినా దాదాపు 5 లీటర్లే. నిమిషానికి ఒక చుట్టు. రోజుకు 7,000 లీటర్లు దాటుతుంది. ఆ ఎండాకాలం మా వీధికి వచ్చే నీళ్ళ ట్యాంకరు కోసం బిందెలు పట్టుకుని కొట్టుకునేవాళ్ళం కాబట్టి ఆ అంకె నాకు భలే అర్థమైంది. రక్తం గుండె నుంచి పోయే దారి, గుండెకు వచ్చే దారి ఎక్కడ కలుస్తాయో మాత్రం హార్వే చూడలేకపోయాడు, కలిసే తీరాలని లెక్క చెప్పింది, అంతే. ఆయన 1657లో పోయాడు. నాలుగేళ్ళ తర్వాత మాల్పీగీ అనే ఇటలీ ఆయన కప్ప ఊపిరితిత్తుల్లో మైక్రోస్కోపు కింద ఆ వెంట్రుకవాసి గొట్టాలు చూశాడు. ఆ నాలుగేళ్ళ సంగతి తల్చుకుంటే నాకు ఇప్పటికీ ఏదోలా ఉంటుంది.

అదే ఏడాది క్రెబ్స్ వలయం, తిన్న తిండి నుంచి కణాలు శక్తి తీసుకునే రసాయన చర్యల చుట్టు. బైపీసీ చదివినవాళ్ళకి దీని గురించి చెప్పక్కర్లేదు, సిట్రిక్ ఆసిడ్ దగ్గర మొదలుపెట్టి ఆక్సలోఎసిటిక్ ఆసిడ్ దాకా పేర్లు బట్టీ కొట్టలేక ఏడ్చిన బ్యాచ్ మాది. వేసవిలో అవ్వ ఊళ్ళో మామిడి చెట్టు కింద పుస్తకం పట్టుకుని కూర్చుని, బెంగళూరా కాయ కోసుకుని ఉప్పూ కారం అద్దుకుని తింటూ చదివేవాణ్ణి. ఆ కాయలోని పులుపు చాలావరకు సిట్రిక్ ఆసిడ్‌దీ మాలిక్ ఆసిడ్‌దీ అని, ఆ రెండూ నేను బట్టీ కొడుతున్న వలయంలోనే ఉన్నాయని నాకు ఎవరూ చెప్పలేదు! చెప్పి ఉంటే పరీక్షలో ఇంకో నాలుగు మార్కులు వచ్చేవి. కాయ పండేకొద్దీ పులుపు తగ్గడానికి ఒక కారణం కూడా అదే, కాయ ఊపిరి తీసుకుంటూ ఆ ఆసిడ్లను ఖర్చు పెట్టుకుంటుంది. క్రెబ్స్ ఈ వలయాన్ని 1937లో పావురం రొమ్ము కండరాల మీద పనిచేసి పట్టుకున్నాడు. హిట్లర్ వచ్చాక జర్మనీ వదిలి ఇంగ్లండులో షెఫీల్డ్ చేరినవాడు. నేచర్ పత్రికకి పంపితే ఇప్పటికే ఉత్తరాలు ఎక్కువయ్యాయి, ఖాళీ లేదని తిప్పి పంపారు, వేరే పత్రికలో వేసుకున్నాడు, 1953లో నోబెల్ వచ్చింది. రెండు కర్బనాల ముక్క వలయంలోకి వస్తుంది, చుట్టు తిరిగేలోపు రెండు కార్బన్ డై ఆక్సైడ్లు బయటికి పోతాయి, మధ్యలో శక్తి చేతికందుతుంది, ఆఖర్న ఆక్సలోఎసిటిక్ ఆసిడ్ మళ్ళీ మొదటికొచ్చి నిలబడుతుంది. కుండలో చూడు అన్న అవ్వ మాట నాకు మొదటిసారి అక్కడే, మామిడి చెట్టు కిందే, గుర్తొచ్చింది.

మెడిసిన్ సీటు రాలేదు. రెండుసార్లు రాశాను. ఆ ఇంటి వాతావరణం గురించి రాయను, రాసినా మీలో సగం మందికి తెలిసిందే. బీఏ ఎకనామిక్స్‌లో చేరాను, నాయన మూడు నెలలు నాతో మాట్లాడలేదు.

అక్కడా డాక్టర్లు వదల్లేదు! ఆర్థిక చరిత్ర క్లాసులో ఫ్రాంస్వా కెనే అని ఒకాయన వచ్చాడు. ఫ్రాన్సు రాజు పదిహేనో లూయీ ఆస్థానంలో వైద్యుడు, వెర్సాయ్ కోటలోనే ఉండేవాడు. ముసలితనంలో వైద్యం పక్కన పెట్టి దేశంలో డబ్బూ ధాన్యం ఎలా తిరుగుతున్నాయో 1758లో ఒక పటం గీశాడు. రైతులు, భూస్వాములు, చేతిపనివాళ్ళు, ఈ మూడు గుంపుల మధ్య డబ్బు అటూ ఇటూ వంకరగీతల్లో పోయి ఏడాది తిరిగేసరికి మళ్ళీ మొదటి చోటికి వస్తుంది. రక్తం గురించి తెలిసినవాడు గీసిన పటం అని చూస్తేనే తెలిసిపోతుంది. ఆయన ఒక మొండి మాట కూడా అన్నాడు. ఈ తిరుగుడు మొత్తంలో అసలు కొత్తగా మిగిలేది భూమి దగ్గర మాత్రమే, మిగతావాళ్ళు ఉన్నదాన్ని రూపం మారుస్తారు తప్ప పెంచరు అని. తర్వాత వచ్చినవాళ్ళు ఆ మాట తప్పని తేల్చారు, నేనూ పరీక్షలో తప్పనే రాశాను. కానీ సెలవుల్లో తాతకి చెప్తే, ఆయన నోట్లో చుట్ట తీసి, "ఆ దొర ఎవురో గానీ బాగా చెప్పినాడే" అన్నాడు. ఆయన ఒక్క వాక్యంలో అంతసేపు మాట్లాడటం అదే చూడటం.

ఇంకొకాయన ఉన్నాడు, బిల్ ఫిలిప్స్, న్యూజిలాండు వాడు, ఇంజనీరుగా మొదలై ఎకనామిక్స్‌లోకి వచ్చినవాడు. 1949లో లండన్‌లో నిలువెత్తు యంత్రం ఒకటి చేశాడు, పారదర్శకమైన తొట్లు, గొట్టాలు, రంగు నీళ్ళు, మోటారు. నీళ్ళే దేశపు ఆదాయం. పన్నుల గొట్టం, పొదుపు గొట్టం, దిగుమతుల గొట్టం, ఏ కవాటం ఎంత తిప్పితే ఏ తొట్టి ఎంత నిండుతుందో కళ్ళతో చూడొచ్చు. కరెంటు పోయి మోటారు ఆగితే మడికి నీళ్ళు ఆగినట్టు దేశమూ ఆగిపోతుంది. మా క్లాసులో పల్లెల నుంచి వచ్చినవాళ్ళమే ఎక్కువ, ఆ పాఠం ఎవరికీ రెండోసారి చెప్పాల్సిన పని పడలేదు.

సరే, ఇవన్నీ పుస్తకాల వలయాలు. అసలుది మా ఇంట్లోనే నడిచేది, ప్రతి నెలా మొదటి ఆదివారం మధ్యాహ్నం. అమ్మ చీటీ.

ఇరవై మంది ఆడవాళ్ళు, నెలకు 500, అంటే 10,000 చీటీ, ఇరవై నెలలు. మొదటి నెల చీటీ నడిపినందుకు అమ్మది, ఆ తర్వాత నుంచి పాట. ముందు గదిలో చాప పరిచి, అమ్మ గోడకి ఆనుకుని నోటు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది, నేను కాఫీ గ్లాసులు తిప్పేవాణ్ణి, అక్క లెక్క రాసేది. అవసరం ఎక్కువున్న ఆవిడ ఎక్కువ తగ్గించి పాడుతుంది. ఉదాహరణకి ఎవరైనా 2,400 తగ్గించి పాడుకుంటే ఆమె చేతికి 7,600 వస్తాయి, ఆ 2,400 ఇరవై మందికీ తలా 120, కాబట్టి ఆ నెల అందరూ 500కి బదులు 380 కడితే సరిపోతుంది. పాట మొదలయ్యే దాకా కూతురి పెళ్ళిచూపులు, కొడుకు మార్కులు, చీరల బేరాలు, పాట మొదలవగానే గది నిశ్శబ్దం. నా ఎకనామిక్స్ డిగ్రీ మొత్తంలో వడ్డీ అంటే ఏమిటో అంత స్పష్టంగా చెప్పిన పాఠం ఇంకోటి లేదు. క్లిఫర్డ్ గీర్ట్జ్ అనే మానవ శాస్త్రవేత్త 1962లో జావా నుంచి ఆఫ్రికా దాకా ఇలాంటివే ఉన్నాయని వ్యాసం రాశాడని తర్వాత చదివాను. మన దేశంలో 1982లో చిట్ ఫండ్స్ చట్టం వచ్చింది. అమ్మ చీటీకి చట్టమూ లేదు, రిజిస్ట్రేషనూ లేదు, అమ్మ ముఖమే పూచీ.

ఆ ముఖాన్ని నమ్మి నడిచింది కాబట్టి దెబ్బ కూడా ఆ ముఖానికే తగిలింది. నాలుగో నెలలో పక్క వీధి ఆవిడ ఒకామె పాడుకుంది, విపరీతంగా తగ్గించి. ఎవరూ అంత తగ్గించి పాడరు. ఇప్పుడు బ్యాంకులో ముప్ఫై ఏళ్ళు చేశాక చెప్తున్నాను, అంత తగ్గించి పాడినవాళ్ళని చూస్తే ఇప్పుడు నాకు లోపల గంట మోగుతుంది, అప్పుడు మాత్రం అందరం తలా ఎంత మిగిలిందో లెక్క వేసుకుని సంతోషించాం. ఆమె ఇంకో రెండు నెలలు కట్టింది. ఏడో నెల ఆదివారం రాలేదు. నన్ను పంపారు చూసి రమ్మని. ఇంటికి తాళం, వాకిట్లో ముగ్గు లేదు, ఇంటి ఓనరు "రాత్రికి రాత్రే సామాను ఎత్తినారు బాబూ, నాకూ రెండు నెలల బాడుగ రావాల" అన్నాడు. తిరిగొచ్చి చాప మీద కూర్చున్న పందొమ్మిది మంది ముందు ఆ మాట చెప్పాల్సిన టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేను.

అమ్మ ఏమీ అనలేదు. పుస్తకంలో ఆమె పేరు పక్కన గీత కొట్టలేదు, తన పేరు రాసుకుంది. మిగిలిన పద్నాలుగు నెలలు ఆమె వంతు అమ్మే కట్టింది, గాజులు కుదువ పెట్టి. ఎవరికీ ఒక్క రూపాయి తగ్గలేదు. నాయన మాత్రం "ఇంక చాలు" అన్నాడు, ఆ చీటీ అయిపోయాక అమ్మ మళ్ళీ వెయ్యలేదు. ముందు తీసుకున్నవాళ్ళు చివరిదాకా కట్టడం మీదే మొత్తం నిలబడి ఉంటుంది, ఆ ఒక్క ముడి ఊడితే ఎవరో ఒకరు తమ చేత్తో పట్టుకోవాలి. క్రెబ్స్ వలయంలో కూడా ఆక్సలోఎసిటిక్ ఆసిడ్ ఆఖర్న తిరిగి రాకపోతే తర్వాతి చుట్టు మొదలవ్వదు. కానీ ఆ పోలిక అమ్మకి చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

ఇక టమోటా. మా చిన్నమామ మదనపల్లె వైపు ఇల్లరికం పోయాడు, అప్పట్లో అదంతా మా చిత్తూరు జిల్లానే. ఒక ఏడాది టమోటా పండించి స్కూటర్ కొన్నాడు. మరుసటి ఏడాది ఊరు ఊరంతా టమోటానే, మామ ఇంకో రెండెకరాలు కౌలుకి తీసుకుని మరీ వేశాడు, ధర పడిపోయింది, కోత కూలి కూడా రాదని కాయని చెట్టు మీదే వదిలేశాడు. మూడో ఏడాది ఒట్టేసి మానేశాడు. ఆ ఏడాది ధర ఆకాశంలో! నాలుగో ఏడాది మళ్ళీ వేశాడు. ఇలా మామ తిరుగుతూనే ఉన్నాడు, స్కూటర్ మూడో ఏడాదే అమ్మేశాడు. కాలేజీలో మా మేడం బోర్డు మీద రెండు గీతలు గీసి, ధర పైకి, పంట ఎక్కువ, ధర కిందికి, పంట తక్కువ అంటూ చాక్‌పీసుని చతురస్రంగా చుట్టుకుంటూ పోతుంటే బొమ్మ సాలెగూడు మాదిరి తయారైంది. దాని పేరే సాలెగూడు సిద్ధాంతం, ఆ పేరు పెట్టింది 1934లో కాల్డోర్ అనే ఆర్థికవేత్త. అంతకు ముందు 1928లో జర్మనీలో హనావు అనే ఆయన పందుల ధరల్లో ఇదే తిరుగుడు పట్టాడు. "మేడం, ఇది మా మామే" అన్నాను, క్లాసంతా నవ్వింది. రైతు విత్తేటప్పుడు చూసేది ఇవాళ్టి ధర, అమ్మేటప్పుడు దొరికేది అప్పటి ధర, మధ్యలో రెండు మూడు నెలల గ్యాప్, కిటుకంతా అక్కడే. 2023 జులైలో కిలో వంద దాటి పోయి టీవీల్లో మారుమోగిందా, సెప్టెంబరుకల్లా రోడ్ల పక్కన పారబోసిన ఫొటోలు వచ్చాయి. మామ కుండలో ఎప్పుడూ ఏమీ పడలేదు. సాలీడుకైనా ఈగలు పడతాయి గూట్లో.

ఒకటి మాత్రం ఇందులో ఇమడదు, అయినా రాస్తాను, నాకు ఇష్టం కాబట్టి. పంట మీద బెంగ ఉన్నప్పుడల్లా అవ్వ రాత్రి వాకిట్లో మంచం మీద నుంచి చంద్రుణ్ణి చూసేది. "గుడి కట్టినాడు" అనేది. చంద్రుడి చుట్టూ పెద్ద తెల్లటి వలయం. దూరపు గుడి దగ్గర వాన, దగ్గర గుడి దూరపు వాన అని సామెత. చంద్రుడి నుంచి ఆ వలయం దాకా దూరం, చెయ్యి చాచి వేళ్ళు బారగా విప్పితే బొటనవేలి నుంచి చిటికెన వేలి దాకా పట్టేంత, అది 22 డిగ్రీల వలయం. చాలా ఎత్తున పల్చటి మబ్బుల్లో ఆరు పలకల మంచు స్ఫటికాల గుండా వెలుగు వంగి వచ్చినప్పుడు ఏర్పడుతుంది. అలాంటి మబ్బులు చాలాసార్లు వాన వ్యవస్థకి ముందు నడుస్తాయి కాబట్టి సామెతలో కొంత నిజం ఉంది. చంద్రుడికి అతుక్కున్నట్టుండే చిన్న వలయం వేరే, అది నీటి తుంపరల పని. ఇక్కడ ఏదీ తిరగదు, ఏదీ కుండలో పడదు. స్ఫటికాలు రాలిపోతూ ఉంటాయి, వాటి చోటికి వేరేవి వస్తుంటాయి, వలయం మాత్రం అక్కడే ఉన్నట్టు కనబడుతుంది. పక్కమంచం మీద ఉన్నవాళ్ళకి వేరే స్ఫటికాల నుంచి వచ్చిన వేరే వలయం. అవ్వా నేనూ ఒకే గుడి చూస్తున్నామనే అనుకునేవాణ్ణి.

అవ్వ పోయి పంతొమ్మిదేళ్ళయింది, తాత అంతకు ముందే. పోయిన సంక్రాంతికి అక్కావాళ్ళతో కలిసి ఆ ఊరు వెళ్ళాం. అక్క కూతురు తిరుపతిలో బైపీసీ రెండో సంవత్సరం, చేతిలో ఎప్పుడూ ఏదో ఒక ప్రశ్నల పుస్తకం. కార్లో అడిగింది, "మామా, మైటోకాండ్రియా డీఎన్ఏ గురించి నీకు తెలుసా?" అని. తెలుసమ్మా, నేనూ ఫెయిలైన డాక్టర్నే అన్నాను. మైటోకాండ్రియా అంటే కణం లోపల శక్తి తయారయ్యే చోటు, దాని డీఎన్ఏ గుండ్రంగా ఉంటుంది, మనుషుల్లో 16,569 అక్షరాల ఉంగరం, 1981లో మొత్తం చదివారు. తల్లి నుంచే వస్తుంది, తండ్రిది రాదు. క్రెబ్స్ వలయం తిరిగేది కూడా ఆ మైటోకాండ్రియా లోపలే. అంటే పిప్పి చిమ్మిన ఆ అవ్వ ఉంగరం అమ్మకి వచ్చింది, అమ్మ నుంచి అక్కకీ నాకూ వచ్చింది. నా దగ్గర ఆగిపోయింది, నా పిల్లలకి వాళ్ళమ్మది ఉంది. అక్క నుంచి దీనికి వచ్చింది. ఆ మాట అంటే అది తన చెయ్యి తిప్పి తిప్పి చూసుకుని, "అవ్వ ఫొటోలో నాలా లేదు కదా మామా" అంది. పోలికలు ఆ ఉంగరంలో ఉండవు, వేరే చోట ఉంటాయి అని చెప్పాను. కొంచెం నిరాశపడినట్టుంది.

గానుగ చోట ఇప్పుడు మామిడి తోట. ఇనప రోళ్ళు ఎప్పుడో పాత ఇనపసామానుకి పోయాయి, అవి నిలబెట్టిన రాయి మాత్రం ఉంది, సగం మట్టిలో. ఎద్దులు తిరిగిన దారి కూడా ఉందని అనిపించింది నాకు, అక్కడ గడ్డి తక్కువ, అక్క అదంతా నీ భ్రమ అంది. ఎద్దుల కథ, ఉలవల కథ చెప్తే మేనకోడలు వెంటనే చూద్దాం పద అంది. రాయి చుట్టూ నేను లోపల, అది నాకు బయట, మధ్యలో మీటరు ఎడంతో తాడులా దాని చున్నీ బిగించి పట్టుకుని, అడుగులు లెక్కపెడుతూ ఒక చుట్టు తిరిగాం. దానికి పన్నెండు అడుగులు ఎక్కువ వచ్చాయి. లెక్క ప్రకారం తొమ్మిదో పదో రావాలి, చెప్పులు మట్టిలో జారుతున్నాయి, పైగా మధ్యలో నేను ఒకసారి నవ్వి లెక్క తప్పాను.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని చాప మీద కూర్చుంటే అక్క తలా రెండు అరిసెలు వేసింది. ఇది ప్లేటు ముందుకు తోసి, "నేను బయట తిరిగినా, నాకు ఇంకోటి" అంది.

అక్కకి అర్థం కాలేదు. అయినా వేసింది.